ముద్ర ఉంటే భద్రం

ఆ నినాదం కోసం అతను జుట్టేమీ పీక్కోలేదు. భోజనమయ్యాక ఆఫీసు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంటే దానంతటదే తట్టింది. "ముద్ర ఉంటే భద్రం." మూడే మాటలు. అక్షరమ్ముక్క రానివాళ్ళు కూడా ఒక్కసారి వింటే చాలు, నాలుక్కి అంటుకుపోతుంది. పెద్దాఫీసరు ఆ మాట విని, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "మాటంటే ఇదయ్యా!" అన్నాడు. ప్రమాణాల కార్యాలయంలో కళ్ళజోడు తీసి మెచ్చుకున్నారంటే అది సామాన్యమైన సంగతి కాదు.

అందులో "ఉంటే" అన్న చిన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. రాసినవాడు ఆగలేదు, మెచ్చినవాడు ఆగలేదు, బోర్డుల మీద రంగులతో దిద్దినవాడు అసలే ఆగలేదు.

ఆ కార్యాలయం పని కరెంటు సామాను పరీక్షించడం. ఇస్త్రీ పెట్టెలు, హీటర్లు, ప్లగ్గులు, వైర్లు, ఏవైనా సరే, తయారుచేసినవాళ్ళు తెచ్చి ఇస్తే వాటిని నీళ్ళతో తడుపుతారు, ఎత్తునుంచి కింద పడేస్తారు, మాడేదాకా వేడెక్కిస్తారు. ఆ బాధలన్నీ పడి బతికి బయటపడ్డ సామాను మీదే ముద్ర వేసుకోనిస్తారు. కొనేముందు ఆ ముద్ర ఉందో లేదో చూసుకోండి బాబూ అని జనానికి చెప్పడం అతని ఉద్యోగం. అతని గది తలుపు మీద "ప్రచారాధికారి" అని రాసి ఉండేది. పరీక్షల గదిలోకి ఎప్పుడో తప్ప అడుగుపెట్టేవాడు కాదు. వైరు పట్టుకోవాలంటే చిన్నప్పటినుంచీ భయం. మాటలు పట్టుకోవడమే అతనికి తెలిసిన విద్య.

ఈసారి ప్రచారంలో జనం చేతిలో ఏదో ఒకటి పెట్టాలన్నాడు పెద్దాఫీసరు. కలాలు ఇస్తే సిరా అయ్యేదాకే గుర్తు, సంచులు ఇస్తే చిరిగేదాకే గుర్తు. ఆలోచించి ఆలోచించి స్టిక్కర్లు అచ్చు వేయించారు. గుండ్రంగా, వెండిరంగులో, నడిమధ్య ముద్ర, చుట్టూ నినాదం. ఇంట్లో అద్దం మీదో బీరువా మీదో అంటించుకుంటే, సామాను కొనబోయే ముందు గుర్తొస్తుందని వాళ్ళ ఉద్దేశం. ఎక్కడ అంటించుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అంత చిన్న సంగతి కూడా చెప్పాలా అనుకున్నారు.

అతని మేనత్త ఇస్త్రీ చేసి బతికేది. తల్లి పోయినప్పుడు, ఊహ కూడా తెలియని అతన్ని ఒళ్ళోకి తీసుకుని పెంచింది ఆవిడే. ఉతికిన బట్టల వాసన, వేడిగుడ్డ మీద నీళ్ళు చిలికితే లేచే ఆవిరి, అతనికి అమ్మంటే అవే. పెద్దవాడై ఉద్యోగం వచ్చి మరో పేటకు మారాక, "మా ఇంటికి వచ్చెయ్యి అత్తా" అని ఎన్ని విధాల బతిమాలినా ఆవిడ ఆ ఇరుకు సందులోని ముందుగదిని వదల్లేదు. నిజానికి ఆవిడ వదల్లేనిది గది కాదు, అందులో ఉన్న ఇస్త్రీ పెట్టె.

ఆ పెట్టెకు ఆఖరిసారి చెయ్యి పెట్టింది మామయ్య. పిడి దగ్గర వైరు తెగినప్పుడు మామయ్య తెగిన కొసలను మెలితిప్పి, నల్లటేపు చుట్టి, "ఇప్పటికి ఇలా కానియ్యి. వచ్చాక సరిగ్గా చేస్తా" అని చెప్పి పనిమీద బయల్దేరాడు. మన మాటల్లో, పోయేవాడు పోతున్నానని అనడు గదా. వస్తాననే అంటాడు. మామయ్య కూడా గుమ్మంలో ఆగి "వస్తా" అనే అన్నాడు. రాలేదు. ఆ సాయంత్రం రాలేదు, ఆ తరవాత ఏ సాయంత్రమూ రాలేదు. ఫలానా చోట కనిపించాడని చెప్పినవాడు లేడు, పోయాడని చెప్పినవాడూ లేడు. అత్త ఏడవడం ఎవరూ చూడలేదు. ఆ టేపును మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "వచ్చాక సరిచేస్తానన్నారు" అనేది. ఇంకొకరు సరిచేశారంటే, ఆయన ఇక రానట్టేనని ఆవిడ లెక్క.

ఏళ్ళు గడిచేసరికి ఆ టేపు ఎండి అక్కడక్కడ పొలుసులుగా రాలింది. లోపలి రాగితీగ పెట్టె పైరేకుకు తగిలీ తగలనట్టుగా ఉండేది. ప్లగ్గుకు ఉండాల్సిన మూడో పిన్నును, గోడలో దానికి బొక్క లేదని మామయ్యే ఎప్పుడో విరిచేశాడు. ఆ పిన్ను ఉంటే రేకు మీదికి వచ్చిన కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే మనిషిలోంచి పోతుంది. ఈ ముక్క మైకులో చెప్పి చెప్పి అతని గొంతు అరిగిపోయింది గాని, అత్త మాత్రం ఇసుమంత కదల్లేదు.

అయినా ఆవిడ బతికే ఉంది. ఎందుకంటే భయపడేది. ఆ పెట్టెను ఆవిడ బుసకొట్టే పామును చూసినట్టు చూసేది. బల్ల దగ్గర ఎండిన చెక్కపలక వేసుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని దానిమీద నిలబడేది. చేతులు పొడిగుడ్డతో తుడుచుకునేది. ముందు వేళ్ళ వెనకవైపు రేకుకు ఆనీ ఆననట్టు ఆనించి, చురుక్కుమనకపోతే అప్పుడు పిడి పట్టుకునేది. ప్లగ్గు పీకితే తప్ప నీళ్ళు చిలికేది కాదు. అతను ముద్ర చూసి మరీ కొత్త పెట్టె ఒకటి కొనిస్తే, మురిసిపోయి, మెత్తటి గుడ్డలో చుట్టి అటకెక్కించింది.

ప్రచారం బండిని ఆ సందుకు వేయించింది అతనే. ఊరంతా వినకపోయినా అత్త ఒక్కతీ వింటే చాలనుకున్నాడు. ఆవిడ అందరికంటే ముందు వరసలో నిలబడి, ఒక్క మాట పొల్లుపోకుండా విన్నది. మేనల్లుడి గొంతు సందంతా మోగుతుంటే ఆవిడను పట్టడానికి పగ్గాలు లేవు. "మావాడే! నేను పెంచినవాడే!" అని అటూ ఇటూ ఉన్నవాళ్ళకు చెప్పుకుంటూనే ఉంది, వాళ్ళంతా ఆ సంగతి తెలిసినవాళ్ళే అయినా. అతను మొదటి స్టిక్కరు ఆవిడ చేతిలోనే పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్ళకు ఆఫీసువాళ్ళు ఆ పేటంతా ఇల్లిల్లూ తిరిగి చూసి వచ్చారు. ముద్ర ఉన్న సామాను వాడే ఇళ్ళు ఇదివరకు అక్కడొకటీ ఇక్కడొకటీ ఉండేవి. ఇప్పుడు లేని ఇల్లే లేదట! పెద్దాఫీసరు మళ్ళీ కళ్ళజోడు తీశాడు. "పేటకు పేట పాత సామాను పారేసి కొత్తవి కొనుక్కున్నారంటే నీ నోట్లో ఏదో ఉందయ్యా" అన్నాడు. చూడబోయినవాళ్ళకు ముద్ర ఉందో లేదో చూడమని చెప్పారు, వాళ్ళు అదే చూసి వచ్చారు. సామాను ఎలా ఉందో చూడమని ఎవరూ చెప్పలేదు.

ఈ మాట అత్తకు చెప్పుకోకపోతే అతనికి నిద్రపట్టేట్టు లేదు. ఆఫీసు అయీ కాకముందే సందుకు బయల్దేరాడు.

సందు మొదట్లో దర్జీ కొట్టు. మిషను ఆగినా దర్జీ నోరు ఆగదు.

"రావాలి, రావాలి! ముద్రాఫీసరు గారు రావాలి!" అన్నాడు. "మీ పుణ్యమా అని హాయిగా ఉన్నామండీ. ఇదిగో చూడండి."

ఒళ్ళోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎత్తి చూపించాడు. దాని మూత సగం విరిగిపోయి లోపలి ఇత్తడి పళ్ళికిలిస్తోంది. ఒక బొక్కలో ప్లగ్గు లేకుండా వట్టి వైర్లు దూర్చి, కదలకుండా అగ్గిపుల్లలు దిగగొట్టి ఉన్నాయి. విరగని సగం మీద వెండిరంగు స్టిక్కరు తళతళలాడుతోంది.

"ఏమిటిది?" అన్నాడతను.

"ముద్రండీ."

"అది నాకూ కనిపిస్తోంది. దీనిమీద ఎందుకంటించావయ్యా?"

"మరెక్కడ అంటించమంటారు? కరెంటు దీంట్లో గదా ఉంది! గోడకంటిస్తే గోడకు భద్రం, నాకేం ఒరిగింది?" దర్జీ పకపకా నవ్వాడు. "ఇదివరకు దీన్ని జరపాలంటే చీపురుకట్టతో నెట్టేవాణ్ణండీ. మా ఆవిడైతే ఈ చాయలకే వచ్చేది కాదు. ఇప్పుడో? ఒళ్ళో పెట్టుకుని కుడుతున్నా. పిల్లిలా పడుంటుంది."

అతను ముందుకు కదలబోయాడు. దర్జీ వదిలిపెట్టలేదు. "అన్నట్టు, ఎదురింటావిడ మీ కోసం చూస్తోంది" అన్నాడు.

ఎదురింటావిడ అప్పటికే గుమ్మం దిగింది. "ఇదేం న్యాయం బాబూ, ఇంటికి ఒక్కటిస్తే ఎలా సరిపోతుంది? పొద్దున నీళ్ళ హీటరుకు అంటిస్తున్నా, స్నానాలయ్యాక పీకి ఫ్యానుకు మారుస్తున్నా, మళ్ళీ పొద్దున హీటరుకు. పీకీ పీకీ దాని జిగురంతా పోయింది. జిగురు పోతే పనిచేస్తుందా, చెయ్యదా?"

ఆ ప్రశ్నకు ప్రమాణాల కార్యాలయం దగ్గర సమాధానం లేదు. అతను ముందుకు నడిచాడు. క్షౌరశాలలో జుట్టు ఆరబెట్టే మిషను మీద స్టిక్కరు. కిటికీలోంచి వేలాడే అతుకుల వైరు మీద జెండాలా స్టిక్కరు. కరెంటుతో ఏ సంబంధమూ లేని ఒక చెక్క నిచ్చెన మీద కూడా స్టిక్కరు. ఆ సందులో భయమన్నదే లేకుండా పోయింది. దాన్ని తుడిచిపెట్టింది తనే. పరుగులాంటి నడకతో అత్త గదికి చేరాడు.

అత్త ఇస్త్రీ చేస్తోంది. పాదాలకు చెప్పుల్లేవు. సిమెంటు గచ్చంతా చిలికిన నీళ్ళతో తడిసి నిగనిగలాడుతోంది. ఆవిడ ఒకచేత్తో పెట్టె తోస్తూ, రెండోచేత్తో గిన్నెలో నీళ్ళు తీసి చిలుకుతూ, ఏదో కూనిరాగం తీస్తోంది. ఆవిడ కూనిరాగం తీస్తుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

"అత్తా! చెప్పులేవీ?"

"ఒరేయ్ చిన్నోడా, ఎప్పుడొచ్చావురా! చెప్పులు అవతల పారేశా. ఇన్నేళ్ళూ కాళ్ళు ఉడికి చచ్చాననుకో. ఈ చల్లటి గచ్చుమీద నిలబడితే ఎంత సుఖంగా ఉందో!"

"పలక?"

ఆవిడ గోడవైపు గడ్డం చూపించింది. పలకను గోడకు అరగా కొట్టి దానిమీద మడతబట్టలు పేర్చింది.

"ముందు ఆ ప్లగ్గు తియ్యి అత్తా, నీకు దణ్ణం పెడతా!"

ఆవిడ విసుక్కుంటూ ప్లగ్గు తీసి, పెట్టెను అటు తిప్పి చూపించింది. స్టిక్కరు వైరు మొదట్లో ఉంది. వేడికి అంచులు గోధుమరంగు తిరిగి పైకి లేస్తే, జిగురుతో మళ్ళీ అద్దినట్టున్నారు.

"నేనేమన్నా దర్జీవాడిలా ఎక్కడపడితే అక్కడ అంటించానా? సరిగ్గా మీ మామయ్య చుట్టిన చోటి పక్కనే పెట్టా. భయమంతా అక్కడేగా" అంది, బడిలో మార్కులు చూపించే పిల్లలా.

"ఇది అలాంటి ముద్ర కాదత్తా. ఊరికే గుర్తుకోసం ఇచ్చిన బొమ్మ."

"బొమ్మా? నలుగురిలో మైకు పెట్టి ఏమన్నావు? ముద్ర ఉంటే భద్రం అన్నావా, లేదా?"

"అన్నాను. ఉంటే అంటే... ముందునుంచీ ఉంటే అని. కొనేటప్పుడే ఉంటే."

"అలా అన్నావా మరి? ఉంటే అన్నావు. ఉంది. కళ్ళుంటే చూడు."

"అత్తా, ఉండటం వేరు, అంటించడం వేరు."

"అంటించాకేగా ఉండేది! కార్ఖానావాడు మాత్రం ముద్రను కడుపులోంచి కంటాడా? వాడూ అంటించేదే!"

అతనికి చదువుకున్న వ్యాకరణమంతా గుర్తొచ్చింది గాని ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆవిడ బట్టను రెండుమడతలు వేసి, కాస్త మెత్తబడి అంది. "ఒరేయ్, ఆయన వచ్చేదాకా ఈ భయం తప్పదనుకుని ఏళ్ళకేళ్ళు గడిపా. పొద్దున లేచి దీనిమీద చెయ్యి వెయ్యాలంటే ఇవాళ్టితో సరి అనుకునేదాన్ని. నువ్వొచ్చి ఆ భయం తీసేశావు. నిన్ను పెంచినందుకు నాకు మిగిలిన సుఖం ఇదేరా. దీన్నీ బొమ్మంటావా?"

పెంచిన చేతులకు తను ఇచ్చింది చావు టికెట్టని ఎలా చెబుతాడు? అయినా చెప్పాడు. చెప్పకూడనంత గట్టిగా చెప్పాడు. ఆవిడ వినిపించుకుని, చివరికి ఒక బేరం పెట్టింది.

"నువ్వు మైకులో చెప్పావు, నేను నమ్మా. పనికిరాదని కూడా ఆ మైకులోనే చెప్పించు, నమ్ముతా. సందులో అందరూ వినాలి. నా ఒక్కదానికి చెవిలో చెబితే, నామీద బెంగకొద్దీ అంటున్నావనుకుంటా."

"అప్పటిదాకా దీన్ని ముట్టుకోకు."

"మరి ఈ బట్టలు జనానికి నలిపి ఇవ్వనా? పో, పోయి మైకు తీసుకురా."

మర్నాడు పెద్దాఫీసరు అంతా సావధానంగా విన్నాడు. కళ్ళజోడు తియ్యలేదు.

"అంటే ఇంటింటికీ చొచ్చుకుపోయిందన్నమాట!" అన్నాడు.

"సార్, చచ్చిపోతారు సార్."

"ఎవరన్నా పోయారా?"

"ఇంకా లేదు."

"మరి! పోనివాళ్ళ కోసం ఇంత కంగారేమిటి?"

"ఒక్కసారి బండి పంపించండి సార్. ఆ స్టిక్కరు చూసి మోసపోవద్దని మైకులో చెబుతాను."

పెద్దాఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ముద్రను చూసి మోసపోవద్దని ప్రమాణాల కార్యాలయమే చెప్పాలా? రేపు పేపరువాళ్ళు ఏం రాస్తారో ఆలోచించావా?"

"ముద్రను కాదు సార్, స్టిక్కరును."

"ఆ రెంటికీ తేడా జనానికి తెలుసా?"

"తెలియదు గనకే చెబుదామంటున్నా."

"తెలియనివాళ్ళకు చెబితే ఏం తెలుస్తుందయ్యా?" అన్నాడు పెద్దాఫీసరు. అంతటితో వదిలేసే మనిషి కాడు గనక వేళ్ళతో బల్లమీద దరువు వేసి, దారి కనిపెట్టాడు. "ఒక పని చేద్దాం. ఇంకో స్టిక్కరు వేయిద్దాం. పసుపురంగులో. 'స్టిక్కరు అంటించినంత మాత్రాన భద్రం కాదు' అని."

"దాన్ని ఎక్కడ అంటిస్తారు సార్?"

"మొదటిదాని పక్కన. ఏముంది అందులో? కాకపోతే ప్రాస కుదరలేదు. నువ్వు కాస్త కుదిర్చి తీసుకురా."

అతను ప్రాస కుదర్చలేదు. ఆఫీసులోంచి బయటపడి, తిన్నగా సందుకు వెళ్ళాడు. దారి పొడుగునా, బుజ్జగిస్తే వింటుందా, కాళ్ళు పట్టుకుంటే వింటుందా అని ఆలోచించాడు. మామయ్య ఇక రాడని మొహంమీదే అనెయ్యాలా? ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అది తన నోటినుంచి రావడం కన్నా నోరు పడిపోవడం నయమనుకున్నాడు.

గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. గచ్చు చల్లగా తగిలింది. అత్త ఒక దుప్పటి పరిచి, పెట్టెను బల్లమీద నిలబెట్టి, గిన్నెలో నీళ్ళు నింపుకుంటోంది.

"మైకు ఏదిరా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"చెప్పరట అత్తా."

"చూశావా! పనికిరాదని వాళ్ళే అనటం లేదు. నీదే లేనిపోని బెంగ."

ఆ మాటతో అతనికి ఒళ్ళు మండిపోయింది. పెద్దాఫీసరు మీద, నినాదం మీద, ఎన్నేళ్ళయినా రాని మామయ్య మీద. "పీకి పారేస్తే గాని నీకు బుద్ధి రాదు!" అని బల్లమీదికి వంగి, గోటితో ఆ స్టిక్కరు అంచు పట్టుకుని లాగాడు.

"ఒరేయ్, ప్లగ్గు..." అంది అత్త.

తడిగచ్చు మీద ఉత్తి పాదాలతో నిలబడి, ప్లగ్గు ఉందో లేదో చూడకుండా రేకు మీద చెయ్యి వెయ్యకూడదని మైకులో చెప్పేది అతనే. గోరు స్టిక్కరు దాటి టేపు పొలుసుల్లోకి దిగింది. భుజం వరకూ ఎవరో సమ్మెటతో కొట్టినట్టయింది. పళ్ళు గిట్టకరుచుకున్నాయి. కేక వెయ్యాలనుకున్నాడు, గొంతు తనది కాదు. అంతలో ఏదో ఎత్తి విసిరేసినట్టు వెనక్కి వెళ్ళి మాసినబట్టల గుట్టమీద పడ్డాడు. పెట్టె దడాలున కింద పడింది.

అత్త స్విచ్చి కట్టేసి, ప్లగ్గు ఊడబెరికి, అతని మీద పడింది. "చిన్నోడా! ఒరేయ్, పలకరా! పలకరా నాయనా!" అతనికి ఆ గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. పలకాలనే ఉంది. దవడ కదలడం లేదు. ఆవిడ అతని ఛాతీమీద చెవి ఆనించింది. అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ చెవి తియ్యలేదు.

చప్పుడుకు దర్జీ పరిగెత్తుకొచ్చి, గుమ్మంలోంచి చూసి, డాక్టరు కోసం పరిగెత్తాడు. అతని వేళ్ళు ముడుచుకుని తెరుచుకున్నాయి. కళ్ళు తిప్పి అత్తను చూశాడు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వస్తాడు, వచ్చి సరిచేస్తాడు అని దీన్ని కూచోబెట్టి మేపా" అంది ఆవిడ, అతనితో కాదు, నేలమీద పడున్న పెట్టెతో. "పోయినవాడు ఎటూ పోయాడు. ఉన్నవాణ్ణి కూడా నీకు అప్పజెప్పనా?"

ఆ మాట ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో అన్నారు. అన్నది ఆవిడే.

బల్ల సొరుగులోంచి కత్తెర తీసింది. ప్లగ్గు చేతిలోనే ఉందని ఒకసారి చూసుకుంది. పెట్టెను పిడి పట్టి బల్లమీదికి ఎత్తి, ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ టేపును చిన్నచిన్న పొలుసులుగా ఒలిచింది. లోపల తీగలు బయటపడ్డాయి. ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా, కొసలు విప్పారి, రెండే రెండు మెలికలు తిప్పి వదిలేసినట్టున్నాయి. ఆవిడ వాటిని వెలుగులోకి పెట్టి చూసింది. ఇన్నేళ్ళలో లోపల ఎలా ఉందో ఆవిడ చూడటం అదే మొదలు.

"ఎంత తొందరలో చుట్టాడో" అంది నెమ్మదిగా. "పోవాలని ఎంత తొందరో."

ఆ తరవాత ఆ మెలికల దగ్గరే, రెండు చేతులా కత్తెర నొక్కి, పుటుక్కున కత్తిరించింది.

డాక్టరు వచ్చాడు, నాడి చూశాడు, వేలికి కట్టు కట్టాడు, ఇలాంటివాళ్ళు మళ్ళీ లేచి కూచోవడం తను అరుదుగా చూశానని చెప్పి, కాస్త తేరుకున్నాక ఆసుపత్రికి వచ్చి గుండె చూపించుకోమన్నాడు. అతన్ని గోడకానించి కూచోబెట్టారు. దవడ ఇంకా బిగుసుకునే ఉంది. మంచినీళ్ళు తాగించింది అత్తే.

ఈలోగా గుమ్మం ముందు సందు సందంతా చేరింది. గుసగుసలు. మధ్యలో దర్జీ గొంతు అందరికంటే పైకి వినిపించింది.

"ఆఫీసరు గారికే కొట్టిందంటే ఏమిటర్థం? ఆలోచించండి! ఆ స్టిక్కర్లు నకిలీవి! అసలువి పెద్దోళ్ళ పేటలో పంచి, మన మొహాన నకిలీవి కొట్టారు!"

"అదే అనుకున్నా!" అంది ఎదురింటావిడ. "లేకపోతే జిగురు అంత తొందరగా ఎందుకు పోతుంది!"

"బాబూ, తమరు కాస్త కోలుకున్నాక అసలైనవి ఇప్పించండి" అన్నారెవరో వెనకనుంచి. "ఇంటికి రెండేసి."

అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. అది ఊపినట్టుగా లేదు, ఇంకా వణుకుతున్నట్టే ఉంది. ఏదో చెప్పాలని పెదాలు కదిపాడు. మూడు మాటలతో అందర్నీ పడేసినవాడికి ఇప్పుడు ఒక్క మాట రావడం లేదు. జనం జాలిగా చూశారు. పాపం, ఇస్తాననే అంటున్నాడని అర్థం చేసుకున్నారు.

అత్త లేచి గుమ్మంలోకి వచ్చింది. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. అందర్నీ ఒకసారి కలియజూసింది.

"అసలైనవి కావాలా?" అంది.

"కావాలి పిన్నీ!" అన్నాడు దర్జీ. "నీ దగ్గర ఉన్నాయా?"

"ఉంది, ఒక్కటే ఉంది. ఎన్నింటికైనా సరిపోతుంది, జిగురు పోవడమంటూ లేదు. మావాడికి ఒంట్లో బాగాలేదు గనక నేనే వేస్తా. వెళ్ళి తీసుకురండి మీ మీ సామాన్లు."

దర్జీ ఒక్క గంతులో కొట్టుకు పోయి, విరిగిన ఎక్స్‌టెన్షన్ బాక్సును రెండు చేతులా ఎత్తుకుని, అందరికంటే ముందు వరసలో వచ్చి నిలబడ్డాడు. వెనక వైరు తోకలా జీరాడుతోంది. మొహం వెలిగిపోతోంది. గోడకానుకుని కూచున్న అతను ఏం జరగబోతోందో గ్రహించి, దర్జీని హెచ్చరించాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాడు. దవడ అప్పటికి కాస్త వదులైంది. మాట వచ్చేట్టే ఉంది. నోరు గట్టిగా మూసుకున్నాడు.

"ముందు నాకే పిన్నీ! ఎక్కడ వేస్తావు, పైనా కిందా?"

"వైరు మీద వేస్తార్రా దీన్ని" అంది అత్త, కత్తెర తెరిచి. "ఏదీ, ఇటు పట్టు."